పూజపళ్ళెంలో గ్రీజు డబ్బా

నలిగిన నిమ్మకాయ వాసన ఎక్కడైనా ఒకటే అనుకుంటాం గానీ, టైరు కింద నలిగిన నిమ్మకాయ వాసన వేరు. మొన్న తిరుపతిలో, పొద్దెక్కకముందే కాగడం మొదలుపెట్టిన తారురోడ్డు మీద ఒక కొత్త కారు నిమ్మకాయలను తొక్కుకుంటూ కాస్త ముందుకు జరిగినప్పుడు, రబ్బరూ తారూ కర్పూరమూ కలిసిన ఆ పుల్లటి వాసన నా ముక్కుకు తగిలింది. తగలగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. వాసన వస్తే చెవులు లేవడమేమిటని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో పెరిగినవాళ్ళకు అది అంతే. ఆ వాసన ఉన్న చోట ఒక చప్పుడు రావాలి. అది గరగరమని వచ్చి ఇంజను అందుకుంటే ఆ పూట గడిచినట్టు. 'టక్' మని ఒక్కటే వచ్చి ఆగిపోతే, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి రెండోసారి తాళం తిప్పే దాకా కదిలేవాళ్ళం కాదు. ఇన్నేళ్ళ తర్వాత, ఎవరికీ ఏ ఆపదా లేని ఒక మంచి ఉదయాన కూడా నేను అలాగే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

మాది బంగారుపాళ్యం. మామిడితోటల ఊరు. పిందెలు గోలీల సైజు దాటి, మా అవ్వ రోట్లో పచ్చిమామిడికాయ ఊరిబిండి నూరడం మొదలుపెట్టిన నాటి నుంచి, తొలకరి వానలకు తోతాపురి కాయలు ట్రాక్టర్ల మీద గుజ్జు ఫ్యాక్టరీలకు కదిలిపోయే దాకా మా ఊరికి వేరే గాలి వీచేది కాదు. పొద్దున లేస్తే తొడిమ విరిచిన కాయల సొన వాసన, మధ్యాహ్నానికి ఉడికే గుజ్జు తీపి వాసన, సాయంత్రానికి ఫ్యాక్టరీల వెనక కుప్పపోసిన టెంకలు పులిసిన వాసన. మేం ఎండిన టెంకలను అరుగు మీద వరసగా నిలబెట్టి, గులకరాళ్ళు విసిరి పడగొట్టే ఆట ఆడేవాళ్ళం. చివరిదాకా ఎవరి టెంక నిలబడితే వాళ్ళది రాజ్యం. రాగి సంగటి ముద్దలో గుంట చేసి ఊరిబిండి పెట్టుకుని, మీద పల్లీ నూనె చుక్క వేసుకుని తింటుంటే, ముక్కులోంచీ కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆగేది కాదు.

నాయన ఆ ఫ్యాక్టరీల్లో ఒకదానికి లారీ తోలేవాడు. నా తర్వాత నాకొక తమ్ముడు ఉండాల్సింది. నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో అమ్మకు నొప్పులు మొదలై, చిత్తూరు పోయే బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చుని కూర్చుని, బస్సు వచ్చి, ఎక్కి, ఆస్పత్రి గేటు చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆ బిడ్డకు పేరు కూడా పెట్టలేదు. ఆ రోజు నాయన లోడు దింపడానికి మద్రాసు పోయి ఉన్నాడు. కొన్నేళ్ళకు లారీ పని మానేసి, ఎవరో వాడి వాడి వదిలేసిన ఒక తెల్లటి డీజిల్ కారును తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. పెళ్ళిళ్ళకూ తిరుపతి యాత్రలకూ బాడుగకు తిప్పుతానని ఊరికి చెప్పాడు. అది నిజంగా దేనికోసమో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

కారు వచ్చిన రోజు అవ్వ హారతి పళ్ళెంతో బయటికి వచ్చి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ ఎత్తించి లోపలికి తొంగి చూసింది. అవ్వ నాయనకు తల్లి. కొత్త ఆవు వస్తే నుదురు చూసి బొట్టు పెట్టే మనిషి, ఈ ఇనపజీవికి నుదురు ఎక్కడుందో అర్థం కాక నాయనను అడిగింది. దీనికి ప్రాణం యాడుండాదిరా అని. నాయన నవ్వుతూ, ఇంజనుకూ కారు గోడకూ మధ్య బిగించిన ఒక పట్టీని చూపించాడు. సన్నటి రాగి తీగెలను ఆడపిల్ల జడలాగా అల్లిన పట్టీ అది. ఒక చివర ఇంజనుకు, ఇంకో చివర బోల్టుతో కారు ఇనుముకు.

"ఈ జడ ఆడ పట్టుకోనుంటేనేమా దీనికి ప్రాణం" అన్నాడు.

అవ్వ వేలితో పసుపు తీసి ఆ బోల్టుకు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, ఎర్రగా కుంకుమ అద్దిన ఒక చెక్కను దాని మీద పిండి, పిప్పిని అక్కడే బోల్టుకు కరుచుకునేట్టు నొక్కి పెట్టింది. అప్పటి నుంచి అది ప్రతి శుక్రవారం జరిగేది. పొద్దున్నే నాయన కారు కడిగి, రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోవడానికి బానెట్ ఎత్తగానే, అవ్వ తడిజుట్టుకు కొసముడి వేసుకుని పళ్ళెంతో వచ్చేది. పాత చెక్క తీసి కొత్త చెక్క. టైర్ల కింద నాలుగు కాయలు. కర్పూరం. ఆ తర్వాత నాయన కూర్చుని తాళం తిప్పేవాడు, కాయలు పచక్కుమని నలిగేవి, కారు కదిలేది. ఆ వాసన మా ఇంటికి శుక్రవారం వాసన.

ఏడాది తిరిగిందో లేదో, కారు పేచీ మొదలుపెట్టింది. రోజూ కాదు. రోజూ అయితే బాగు చేయించి ఉండేవాళ్ళమే. వారమంతా బుద్ధిగా లేచి, ఒక పూట ఉన్నట్టుండి తాళం తిప్పితే 'టక్' అనేది, అంతే. ఇంజను తిరిగేది కాదు. లైట్లు వెలిగేవి, హారను మోగేది, ఇంజను మాత్రం బిర్రబిగుసుకుని కూర్చునేది. నాయన దిగి, డిక్కీలోంచి ఒక దుడ్డుకర్ర తీసి, వంగి, ఇంజనును తిప్పి లేపే సెల్ఫు మోటారు మీద రెండు దెబ్బలు వేసేవాడు. ఒక్కోసారి లేచేది. ఒక్కోసారి పెళ్ళివాళ్ళు పట్టుచీరలు ఎగ్గట్టి తోయాల్సి వచ్చేది. మెకానిక్కు ముందర మాత్రం ఒక్కనాడూ మొండికెయ్యలేదు, అత్తగారి ముందు కొత్తకోడలిలా చెప్పిన మాట వినేది. అమ్మ దానికి సవతి అని పేరు పెట్టింది. పొద్దున పొయ్యి దగ్గర నుంచే, "ఏమయ్యో, నా సవతికి ఈ పొద్దు మనసు బాగుండాదా?" అని కేకేసేది. నాయన చెవి తాళం దగ్గరే ఉండేది.

అలా మా ఇంటికి ఒక కొత్త అలవాటు వచ్చింది. కారును చదును నేల మీద నిలపకపోవడం. మా వీధి చివర, హైవే వైపు దిగే ఒక మిట్ట ఉండేది. ఎంత అలసి వచ్చినా నాయన దాన్ని ఆ మిట్ట మీదికెక్కించి, ముక్కు పల్లానికి పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డం వేసి వచ్చేవాడు. పొద్దున రాళ్ళు తీస్తే కారు దానంతటదే దొర్లి, గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను అందుకునేది. బాడుగకు పోయినా అంతే. పలమనేరులో ఏ వీధి ఎటు వాలిందో, అలిపిరి దగ్గర ఏ మూల పల్లముందో, చిత్తూరు ఆస్పత్రి ముందు రోడ్డు ఎంత చదునో నాయనకు నిద్రలో లేపినా తెలుసు. మేం ఊరిని ఇళ్ళతో కాక ఎత్తుపల్లాలతో గుర్తుపెట్టుకునేవాళ్ళం. ఇప్పటికీ నేను కొత్త ఊరికి పోతే ముందు నేల ఎటు వాలిందో చూస్తాను.

నేను చదువుకున్నది పదో తరగతి దాకానే. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష, ఈ మాట నేను తలెత్తుకునే చెప్తాను. పెంకుటింట్లో ఒక గది, రెండు పొడుగు బల్లలు, పేపరు చదివే ముసలివాళ్ళ దగ్గులు, చెదల మందు వాసన. ఐదో తరగతికే పిల్లల పుస్తకాల బీరువా అయిపోగొట్టి, పెద్దల బీరువాల్లో పడ్డాను. అట్ట ఊడిపోయిన ఒక మోటారు వాహనాల పుస్తకం అక్కడ దొరికింది. సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాని సగాన్ని బట్టీ పట్టేదాన్ని. బ్యాటరీలో నీళ్ళు తగ్గితే ఇట్లా అవుతుందని ఒకరోజు నాయనకు చెప్పాను. నాయన నవ్వలేదు, పాప చెప్పింది కదా అని బ్యాటరీని పలమనేరు తీసుకుపోయి రాత్రంతా చార్జి పెట్టించి తెచ్చాడు. రెండు వారాలు నేను ఇంట్లో ఇంజనీరును. మూడో వారం మళ్ళీ 'టక్'.

తర్వాత దొరై వచ్చాడు. సత్యవేడు దిక్కు నుంచి వచ్చి హైవే మీద షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు, మాటకు ముందొక అరవ ముక్క, వెనకొక అరవ ముక్క. సెల్ఫు మోటారు విప్పాడు, అందులో అరిగిన కార్బన్ బొగ్గులు మార్చాడు, బ్యాటరీ తలలు గీకి తీగెలు మార్చాడు. బానెట్ కింద అతని చెయ్యి తగలని చోటు లేదు, ఒక్కటి తప్ప. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద ఎండిన నిమ్మపిప్పి, పొరలు పొరలుగా పేరుకుని చిన్న పుట్టలా తయారైన ఆ బోల్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా స్పానర్ పక్కన పెట్టి, వేలితో తాకి కళ్ళకద్దుకునేవాడు. ఒకసారి నాయన అది కూడా చూడమన్నట్టు వేలు చూపిస్తే, దొరై నాలుక కరుచుకున్నాడు.

"సామి ఉండే చోట స్పానర్ పెట్టకూడదన్నా."

నాయనా తల ఊపాడు. ఆయనదీ అదే మనసు. కారు మొండికేసిన కొద్దీ అవ్వ దిష్టి ఎక్కువైందని నిర్ణయించింది. శుక్రవారానికి మంగళవారం తోడైంది. చావు బాడుగకు పోయి వస్తే ఒక చెక్క, రోడ్డు మీద నల్లపిల్లి ఎదురైతే ఒక చెక్క. గంగజాతర ముందు ఏకంగా మూడు కాయలు ఆ బోల్టు మీదే పిండింది. నిమ్మకాయలు పెరిగిన కొద్దీ 'టక్'లు పెరిగాయి, 'టక్'లు పెరిగిన కొద్దీ నిమ్మకాయలు పెరిగాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

అమ్మకు మళ్ళీ నెల తప్పింది ఆ ఏడే. చిత్తూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ చేత్తో తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉందని, తిరగకపోతే ఆపరేషనేనని, నొప్పులు వస్తే ఇంట్లో ఒక్క గడియ కూడా ఉండొద్దని చెప్పింది. పోయినసారి సంగతి ఆమెకు చెప్పినప్పుడు నాయన నేల చూశాడట. ముందుగానే చిత్తూరులో మా పిన్ని ఇంటికి పోయి ఉండాలని, మంచిరోజు చూసుకుని సోమవారం బయలుదేరాలని అనుకున్నారు. నాయన ఇక దూరం బాడుగలు మానేశాడు. పూటకొకసారి మిట్ట మీదికి పోయి తాళం తిప్పి చూసేవాడు. నేను అరుగు మీద టెంకలాట ఆడుతున్నా చెవి అటే. గరగర వినిపిస్తే నా చేతిలో గులకరాయి గురి తప్పేది కాదు. 'టక్' వినిపిస్తే ఆట మీద మనసు పోయేది. అవ్వ నిద్రలో కూడా మొక్కులు గొణుగుతుండేది, అమ్మ మాత్రం ఎప్పటిలాగే సవతిని తిడుతూ, చాటలో బియ్యం ఏరుతూ, మధ్యలో ఒక్కోసారి చెయ్యి ఆపి కడుపు మీద పెట్టుకుని బిడ్డ ఎటు తిరిగిందో చూసుకునేది.

సోమవారం రాకముందే నొప్పులు వచ్చాయి. శనివారం మధ్యాహ్నం, అన్నాలు తిని చేతులు కడుక్కుంటున్న వేళ. అమ్మ గోడ పట్టుకుని నిలబడి నాయన వైపు చూసింది. నాయన ఎంగిలి చేత్తోనే మిట్ట వైపు పరిగెత్తాడు. అవ్వ మూట అందుకుంది. నన్ను ఎవరి దగ్గర వదలాలో తోచక ముందు సీట్లో తోసి, నీళ్ళ బిందె కాళ్ళ మధ్య పెట్టారు. వెనక సీట్లో అవ్వ ఒడిలో తల పెట్టుకుని అమ్మ. కారు తాళంతో లేవలేదు. నాయన రెండోసారి తిప్పి చూడలేదు, రాళ్ళు తన్నేసి దొర్లించాడు. పల్లం సగం దిగేసరికి ఇంజను అందుకుంది. ఇన్నాళ్ళ మా అలవాటు వృథా కాలేదని నేను గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను.

ఊరు దాటి కొంత దూరం పోగానే గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ఆగిపోయాం. కాయల సీజనులో ఆ రోడ్డు అంతే, మామిడి ట్రాక్టర్లు రెండు వైపులా బారులు తీరి ఉంటాయి. ఆ రోజు వాటిలో ఒకదాని ట్రాలీ ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా ఒరిగిపోయింది. కాయలన్నీ దొర్లి, చక్రాల కింద చితికి, రోడ్డంతా పసుపుపచ్చటి బురద. సరిగ్గా రోడ్డు ఎత్తుకెక్కే ఎక్కుడు మధ్యలో ఇరుక్కున్నాం. ముందు ట్రాక్టరు, వెనక ముక్కు ఆనించినంత దగ్గరగా ఇంకో ట్రాక్టరు, పక్కన బస్సు. నాయన దిగి, దారి తియ్యండప్పా, కాన్పు మనిషి ఉండాది అని అరుస్తూ ముందుకు పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. కాయలు ఎత్తడానికి జనం చేతులు కలిపారు గానీ ట్రాలీని పక్కకు లాగడానికి సమయం పట్టేట్టు ఉంది. ఇంజను ఆపకుండా ఉంచాం. కారు వణుకుతోంది, ఆ వణుక్కి అమ్మ పళ్ళు కరుచుకుంటోంది. ఎండకు రేకు కాలిపోతోంది. నేను నాయన సీటు ముందున్న వేడి ముల్లు వైపే చూస్తున్నాను. అది మెల్లగా పైకి, ఇంకా పైకి, ఎర్రగీత మీదికి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో. నాయన పరిగెత్తి వచ్చి కూర్చుని, తాళం మీద చెయ్యి పెట్టి, అద్దంలోంచి అమ్మను చూశాడు. తర్వాత తాళం వెనక్కి తిప్పాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అమ్మ మూలుగు మొదటిసారి పూర్తిగా వినిపించింది.

బిందెలో నీళ్ళు రేడియేటర్‌కు పోసి, అది బుసలు కొట్టడం ఆగే దాకా నిలబడ్డాం. ఇంతలో ముందు కేకలు వినిపించాయి, ట్రాలీ పక్కకు జరిగింది, ముందున్న ట్రాక్టరు కదిలింది. నాయన గబగబా వచ్చి తాళం తిప్పాడు.

'టక్.'

దుడ్డుకర్రతో కొట్టాడు. 'టక్.' ఇంకా గట్టిగా కొట్టాడు. 'టక్.' బస్సులోంచి దిగిన మగవాళ్ళు, ట్రాక్టరువాళ్ళు వచ్చి కారుకు రెండు పక్కలా చేతులు వేశారు. ఎక్కుడుకు ఎదురు తొయ్యాలి, కాళ్ళ కింద మామిడి గుజ్జు. తోసినవాళ్ళు తోసినట్టే జారి మోకాళ్ళ మీద పడ్డారు. కారు రెండు మూరలు పోయి, రెండు మూరలూ వెనక్కి వచ్చి ట్రాక్టరుకు ఆనుకుంది. ఇన్నాళ్ళూ మమ్మల్ని కాపాడిన వాలే ఆ రోజు మాకు ఎదురు తిరిగింది. ఆ ట్రాక్టరు తోలే ఆయన, భుజాన తువ్వాలు, నోట్లో బీడీ, నాయనతో అన్నాడు.

"ఏమప్పా, ఇంత బండి పెట్టుకోని కర్రతో కొట్టేది నేర్సుకున్నావే గానీ, దాని జబ్బు యాడుండాదో సూడలేదా?"

వెక్కిరింతగా మొదలుపెట్టినవాడు వెనక సీట్లో అమ్మను చూసి బీడీ పారేశాడు. ముందుకు జరిగిన బస్సును ఆపుతాననీ, అందులోకి ఎత్తుకుపోదామనీ అన్నాడు. అవ్వ బస్సు అన్న మాట వినగానే అమ్మ తలను ఇంకా గట్టిగా పట్టుకుంది. అమ్మ కళ్ళు తెరవకుండానే, "సవతి ముండకు ఇప్పుడే అలగవల్లనా" అంది. నవ్వబోయి, ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

నేను బానెట్ పక్కన నిలబడి ఉన్నాను. భయానికి, నాకు తెలిసిన ఒకే పని చేశాను, బట్టీ పట్టింది మనసులో అప్పజెప్పుకోవడం. కరెంటు బ్యాటరీలోంచి బయలుదేరి, పని చేసి, మళ్ళీ బ్యాటరీకే చేరుకోవాలి, తిరిగి వచ్చే దారి సరిగా లేకపోతే పని జరగదు. లైట్లకు కొంచెం చాలు, సెల్ఫుకు చాలా కావాలి. ఎన్నోసార్లు చదివిన ఆ వాక్యాలకు అప్పటిదాకా నా కళ్ళ ముందు ఒక బొమ్మంటూ లేదు. ఆ రోజు జాతర గుర్తొచ్చింది. అమ్మవారి వీధిలో బండ్లు అడ్డం పెడితే ఒక మనిషి పక్కకు తిరిగి దూరిపోగలడు, జాతరంతా పోవాలంటే కుదరదు. పోయే తీగెలన్నీ దొరై మార్చాడు. మరి తిరిగి వచ్చేది?

"నాయనా, సెల్ఫుకు పోయిన కరెంటు తిరిగి ఏ దోవన వస్తాది?"

నాయన చిరాగ్గా ఏదో అనబోయి ఆగాడు. ఆయన చూపు ఇంజను మీది నుంచి మెల్లగా పక్కకు జరిగింది.

"జడలో" అన్నాడు.

ఇద్దరం ఆ పుట్ట వైపు చూశాం. పసుపు, కుంకుమ, నిమ్మపిప్పి. నాయన చెయ్యి ముందుకు పోయింది, పోయి దానికి జానెడు దూరంలో ఆగిపోయింది. డ్రైవరుగా ఆ మనిషికి అంతా అర్థమైపోయిందని ముఖంలో కనిపిస్తోంది. కొడుకుగా చెయ్యి రావడం లేదు. పెళ్ళాం నొప్పులు పడుతున్న వేళ, తల్లి కళ్ళ ముందు, తల్లి పెట్టిన బొట్టును చెరపాలి. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అవ్వ అమ్మ తల కింద మూట పెట్టి దిగి వచ్చింది. నాయన చేతినీ, ఆ చెయ్యి ఆగిన చోటునూ చూసింది.

"గీకరా" అంది. "అమ్మోరు ఈడ కాకపోతే ఇంకోసోట కూసుంటాది. నీ పెండ్లానికి ఇంకోసోటు లేదు."

అని, నాయన కదలకముందే తనే కొంగు వేలికి చుట్టుకుని ఆ పసుపును తుడవడం మొదలుపెట్టింది. పిప్పి పెళ్ళలుగా ఊడింది. దాని కింద, రాగి జడ రాగిరంగులో లేదు. నెమలిపింఛం ఆకుపచ్చలో, పొడిపొడిగా, చిలుం. ఏళ్ళ తరబడి తాగిన నిమ్మరసమంతా అక్కడ చిలుమై కూర్చుంది. ట్రాక్టరాయన స్పానర్ తెచ్చిచ్చాడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాయలు కోసే ఒకామె తన కత్తి ఇచ్చింది. నాయన బోల్టు విప్పి, జడ కొసను ఎర్రగా, అది ఆనే ఇనుమును తెల్లగా మెరిసేదాకా గీకాడు. గీకుతున్నంతసేపూ అవ్వ పక్కనే నిలబడి పచ్చబడిన వేళ్ళను చూసుకుంటోంది. నేను బోల్టు వైపు కాక అవ్వ వైపు చూస్తున్నాను.

నాయన బోల్టు బిగించి, కూర్చుని, తాళం తిప్పాడు.

ఆ గరగర అంత బలంగా మేం ఆ కారు కొన్న కొత్తలో కూడా వినలేదు. జనం చప్పట్లు కొట్టారో లేదో నాకు గుర్తులేదు. గుజ్జు బురదలో చక్రాలు ఒకసారి జారి పట్టుకున్నాయి. ఎక్కుడు ఎక్కాం. ఆస్పత్రి ముందు చదును నేల మీద నాయన మొదటిసారి వెనకాముందూ చూడకుండా ఇంజను ఆపేశాడు.

ఆపరేషను గది బయట అవ్వ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కొంగు మీద పసుపూ పచ్చా మరకలు. దేవుడికి మొక్కుకుందామని చేతులు ఎత్తి, మళ్ళీ ఒడిలో పెట్టుకుంది. నేను పోయి ఆ చేతుల మీద నా చెయ్యి వేశాను. చీకటి పడకముందే డాక్టరమ్మ బయటికి వచ్చి, తల్లి బాగుందని, ఆడపిల్ల అని, ఇంకొంచెం ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేదాన్నని అంది. నాయన గోడ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

తర్వాతి శుక్రవారం అవ్వ పళ్ళెంతో వచ్చింది గానీ, ఎత్తిన బానెట్ ముందు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది. నాయన ఇంట్లోకి పోయి ఒక చిన్న డబ్బా తెచ్చి పళ్ళెంలో, కుంకుమభరిణె పక్కన పెట్టాడు. గ్రీజు. ఇంకమీద దానికి ఇదే పసుపుమా, ఇది రాస్తే చిలుం పట్టదు అన్నాడు. అవ్వ మూత తీసి వాసన చూసి ముఖం చిట్లించింది. అయినా మధ్యవేలితో కాస్త తీసి, పసుపు ఎంత పద్ధతిగా రాసేదో అంత పద్ధతిగా ఆ బోల్టు చుట్టూ రాసి, చేతులు జోడించింది. నిమ్మకాయలు అప్పటి నుంచి టైర్ల కిందికి మాత్రమే. ఆ గ్రీజు డబ్బా మా పూజగూట్లో, దీపపు నూనె సీసా పక్కన ఏళ్ళ తరబడి ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే, అది బండి కుంకుమ అని అవ్వ చాలా మామూలుగా చెప్పేది. దొరై కూడా ఆ మాటే పట్టుకుని ఊళ్ళో ఇంకో నాలుగిళ్ళ బండ్లకు శుక్రవారం గ్రీజు అలవాటు చేశాడు. కారు ఆ తర్వాత ఒక్కనాడూ మొండికెయ్యలేదు. అయినా నాయన దాన్ని అమ్మేసేదాకా మిట్ట మీదే నిలిపాడు.

ఇప్పుడు ఆ మిట్ట లేదు. హైవే వెడల్పు చేసినప్పుడు దాన్ని తవ్వి చదును చేశారు. గ్రంథాలయం గది మూతపడింది, ఆ అట్ట లేని పుస్తకం ఏ పాతకాగితాల మూటలో పోయిందో. కారు ఇనుముకు పోయింది. అవ్వ పోయాక పూజగూడు సర్దుతుంటే, ఎండి గట్టిపడిన ఆ డబ్బా అడుగున ఆమె వేలిగుర్తు ఉండిందని అమ్మ చెప్పింది.

మొన్న తిరుపతిలో నిమ్మకాయలు తొక్కిన ఆ కొత్త కారు మా చెల్లెలిది. ఆ శనివారం పుట్టిన పిల్లది. పూజారి అడిగితే బానెట్ ఎత్తింది. లోపల ఇంజను ఎక్కడా కనపడలేదు, అంతటినీ కప్పేస్తూ నున్నటి నల్లటి ప్లాస్టిక్ మూత. పూజారి కుంకుమ ఆ మూత మీదే పెట్టాడు. నేను అలవాటుగా పళ్ళెంలోకి చూశాను, పసుపు, పూలు, కర్పూరం ఉన్నాయి. చెల్లెలు కూర్చుని ఏదో మీట నొక్కింది, నిమ్మకాయలు పచక్కుమన్నాయి. నేను రోడ్డు పక్కన నిలబడి, ఊపిరి బిగబట్టి, ఆ చప్పుడు కోసం చూస్తూనే ఉన్నాను.

"ఎక్కక్కా" అంది చెల్లెలు అద్దం దించి. "అదెప్పుడో స్టార్టయిపోయింది."